ప్లమ్ మొక్క మీద తొంభై ఆరు కోరికలు

నన్ను మా బ్లాకులో తగువులమారి అంటారు. అననీ. ఇరవై ఆరేళ్లు సోఫియా నగరంలో ట్రామ్ నడిపినదాన్ని. పట్టాల మీద కారు పెట్టినవాణ్ణి బతిమాలితే తీస్తాడా?

మా బ్లాకు వెనక పాత బాయిలర్ గది కూల్చేసిన జాగా ఒకటుంది. పదేళ్లు దాన్నిండా చెత్తా, కార్లూ. తోట చేసుకుంటాం మహాప్రభో అని మున్సిపాలిటీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది నేను. ఐదు మొక్కలు నాటండి, మే నెలలో వచ్చి చూస్తాం, మూడైనా బతికుంటే జాగా మీది, లేదంటే పార్కింగ్ చేస్తాం అన్నారు. చలికాలంలోనే రెండు పోయాయి. అందులో ఒకదాన్ని మా బ్లాకు ప్రెసిడెంటు అస్పరూహే కారు రివర్స్ చేస్తూ తొక్కేశాడు. "మంచులో కనపడలేదక్కా" అట! ఇక సరిగ్గా మూడే మిగిలాయి. వాటిలో ఒకటి ప్లమ్.

పార్కింగ్ అయితే అందరికన్నా నష్టం గింకా వదినకు. వాళ్లది కింది అంతస్తు. ఆమె మొగుడు లూబెన్‌కు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. ముక్కు దగ్గర కార్ల పొగగొట్టాలు పెడితే ఆ మనిషి ఏం చూడాలి, ఏం పీల్చాలి?

ఇంతలో మార్చి నెలాఖరున ఆ ప్లమ్ కాస్తా పూసింది. అదే దాని ప్రాణం మీదికొచ్చింది. మార్చి ఒకటిన మణికట్టుకు కట్టుకున్న ఎర్ర తెల్ల దారాన్ని, పూసిన చెట్టు కనపడగానే విప్పి, ఏదో ఒకటి కోరుకుని, కొమ్మకు కట్టాలి కదా, మా దగ్గర ఆచారమది! మా వైపు పూసింది అదొక్కటే. తొంభై ఆరు ఫ్లాట్లవాళ్లూ దాని మీద పడ్డారు. నా భుజాలదాకా కూడా రాని మొక్క! ఏప్రిల్ వానలకు తడిసి దారాలు బిగుసుకుపోయి కొమ్మల్ని కోసేశాయి. ఆకులు ముడుచుకుపోయాయి. రేపు తనిఖీ అనగా, ఆ దారాలు కోసెయ్యడానికి నేను కత్తెర పట్టుకుని దిగాను.

"నాది కొయ్యకక్కా! మా అమ్మాయి పరీక్షలింకా అవలేదు!" అని బాల్కనీలోంచి అరిచాడు అస్పరూహ్.

"మీ అమ్మాయి పుస్తకం తెరిస్తే పాసవుతుంది. ఈ మొక్క ఏం తెరవాలిరా బతకడానికి?"

మూడో అంతస్తు నుంచి ఒకావిడ తన మోకాళ్ల నొప్పుల గురించి, నాలుగో అంతస్తాయన తన లాటరీ గురించి ఒకటే గోల. తల వాచిపోయిందనుకోండి. వాళ్లు చాలదన్నట్టు గింకా వదిన చెప్పులీడ్చుకుంటూ వచ్చి మొక్కకు అడ్డంగా నిలబడింది.

"మిల్కా, నాది మాత్రం ముట్టుకోకే."

"నువ్వు కూడానా వదినా! నీ కిటికీ కోసమే కదా ఇంత గొంతు చించుకుంటున్నాను! బుద్ధుందా నీకు?"

ఆమె కళ్లనిండా నీళ్లు. "లూబెన్ దీని కింద కూర్చోవాలని కోరుకున్నానే. రెండేళ్లయింది మనిషి గుమ్మం దిగి."

"మొక్కే చచ్చాక ఎక్కడ కూర్చోబెడతావ్?"

ఆమె నా చేతిలో కత్తెర లాక్కుని, తన దారం తనే కోసి జేబులో వేసుకుంది. అది చూసి మిగతావాళ్లూ గొణుక్కుంటూ దిగారు. "కట్టక చావలేకపోతే మొక్కకు దన్నుగా పాతిన ఆ కర్రకు కట్టుకోండి, దానికేం కాదు" అన్నాను.

చివరికి కాండం మీద ఒకటి మిగిలింది. అన్నిటికన్నా ముందు కట్టింది, బెరడులోకి దిగిపోయింది. బట్టల తాడుకు వేసే మూడు మెలికల ముడి. బ్లాకులో అలా వేసేది నేనొక్కదాన్నే. మొదటి పువ్వు చూసిన పొద్దున, సంతోషం పట్టలేక, అందరికన్నా ముందు కట్టింది నేనే. పొద్దుటినుంచీ అందర్నీ తిట్టిన నోరు టక్కున మూతపడింది. గింకా ముడిని చూసింది, నన్ను చూసింది. మెల్లిగా దారం పెరికింది.

మర్నాడు మున్సిపాలిటీ ఆవిడ వచ్చి, ప్లమ్ బెరడు గోటితో గీకి చూసింది. లోపల పచ్చగానే ఉంది. మూడూ బతికున్నాయని రాసుకుంది. తర్వాత కాండం మీది గాయం తడిమి, "ఇంత బిగించి కట్టిన మహానుభావులెవరు? ఇంకో వారమైతే పోయేది!" అంది.

నేనేనని చెప్పాలి. నాలుక కదిలితేనా!

"నేనేనమ్మా. ముసలిదాన్ని, తెలీక కట్టాను" అంది గింకా.

ఆవిడ అందరి ముందూ చెడామడా చీవాట్లేసింది. గింకా తలొంచుకుని అన్నీ పడింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఆవిడ వెళ్లాక, "నువ్వెందుకు చెప్పావు వదినా?" అన్నాను.

"నిన్న నువ్వు తిడితే పడలేదూ? అలవాటైపోయిందిలే."

ఆ ఉక్రోషమంతా అస్పరూహ్ మీదికి మళ్లింది. "గుడ్లప్పగించి చూస్తావేంరా? రా, అటుపక్క కుర్చీ పట్టు!"

ఏడంటే ఏడు మెట్లు. తొంభై ఆరు ఫ్లాట్లలో ఒక్కరికీ, నాక్కూడా, ఆ మనిషిని దించుదామని రెండేళ్లలో తోచలేదు. లూబెన్‌ను కుర్చీతో సహా దించి ప్లమ్ పక్కన పెట్టాం. గింకా తన ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుంది. లూబెన్ తలెత్తి ఆ నాలుగాకుల్నీ చూసి, వంకర తిరిగిన నోటితో కూడబలుక్కుని అన్నాడు: "మిల్కా... నీడేదే?"

"పెరగనివ్వన్నయ్యా, ఏం తొందర!" అని కసిరి, ఎండకు నా వీపు అడ్డం పెట్టి నిలబడ్డాను.