చెయ్యి చాపితే వెళ్ళిపోయే పిల్ల

ఖయెలిత్షా అనే పేదల పేటలోని ఆ అనాథ పిల్లల ఇంటి ముందు వ్యాను ఆగితే చాలు, పిల్లలంతా పరుగెత్తుకొచ్చి దిగినవాళ్ళ కాళ్ళను చుట్టేసుకునేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చంకెక్కి మెడ కావలించుకునేవారు. ఈ పిల్లలకెంత ప్రేమో అని వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. పాఠకులారా, అక్కడుంటే మనమూ అలాగే అనుకునేవాళ్ళం.

హన్నెకె కూడా అలాగే అనుకుంది. స్కూలు చదువు ముగించి, కాలేజీలో చేరేలోపు కొన్నాళ్ళు సేవ చేద్దామని హాలెండ్ నుంచి వచ్చిన పిల్ల. మనసు మంచిది. నాలుగేళ్ళ అవెతు మొదటిరోజే ఆమె ఒడిలో చేరింది. మొక్కజొన్న సంకటి ఆమే తినిపించాలి, ఆమే జోకొట్టాలి. కొన్నాళ్ళకు అమ్మా అని పిలవసాగింది. హన్నెకె మురిసిపోయింది.

ఆ ఇంటికి పెద్దదిక్కైన తెంబెకా అనే ఆవిడ మాత్రం మురిసిపోలేదు. అవెతు అలా పిలిచినవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. అందరూ వెళ్ళిపోయారు. ఒకప్పుడు ఆ వీధి మనిషే నోసఖెలె, అవెతును దుప్పటితో వీపున కట్టుకుని పిల్లల పనంతా చేసేది. జీతం అక్కర్లేని, హన్నెకెలాంటి విదేశీ పిల్లలు దొరుకుతున్నారని నిర్వాహకులు ఆమెను మానిపించారు.

ఒక శనివారం అవెతును వెంటబెట్టుకెళ్ళి, టాక్సీ స్టాండు దగ్గర నారింజలు కొని, హన్నెకె వెనక్కి తిరిగేసరికి అవెతు లేదు. వీధులన్నీ గాలించారు. సాయంత్రం, మాంసం కాల్చి అమ్ముకునే ఒకావిడ పిల్లను తెచ్చి అప్పగించింది. ఎవడో చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతుంటే అనుమానమొచ్చి, ఎవరి పిల్లని నిలదీసిందట. వాడు చెయ్యి వదిలేసి పారిపోయాడట.

హన్నెకె పిల్లను దగ్గరకు లాక్కుని అడిగింది.

"వాడెవరో తెలుసా నీకు?"

అవెతు తల అడ్డంగా ఊపింది.

"మరెందుకెళ్ళావే?"

"చెయ్యి చాపాడు."

ఆ మాటలో భయం లేదు. అదే హన్నెకెను కూలదోసింది. తను ఇప్పుడప్పుడే ఊరికి వెళ్ళననీ, ఇంకో ఆరునెలలు ఇక్కడే ఉంటాననీ తెంబెకా దగ్గర ఏడ్చింది.

"ఆరునెలలయ్యాక వెళ్తావుగా తల్లీ," అంది తెంబెకా. "నీది తప్పనను. నీ మనసు వెన్న. కానీ మీలో ఒకరొచ్చినప్పుడల్లా దీనికో అమ్మ పుడుతోంది, వెళ్ళినప్పుడల్లా ఆ అమ్మ చచ్చిపోతోంది. ఎందరి కోసమని ఏడుస్తుంది? ఇప్పుడు దీనికి అందరూ ఒకటే. ముద్దుచేసేవాళ్ళూ, ఎత్తుకుపోయేవాళ్ళూ."

నోసఖెలె సంగతి కూడా తెంబెకా నోటే విన్న హన్నెకె ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు నిర్వాహకుల దగ్గరికెళ్ళి, తన బస కోసం ఇంటినుంచి పంపే సొమ్ము తను వెళ్ళాకా పంపిస్తానని, దాంతో నోసఖెలెను తిరిగి పెట్టుకోమని పట్టుబట్టింది. వాళ్ళు ఒప్పుకునేదాకా వదల్లేదు. ఆపైన తిరుగు ప్రయాణమైంది. ఆమె వెళ్తుంటే అవెతు ఏడవలేదు. తలెత్తి కూడా చూడలేదు.

నోసఖెలె తిరిగొచ్చిన రోజున అవెతు పరుగున వెళ్ళి ఆమె మెడ కావలించుకుంది. చూసినవాళ్ళు సంతోషించారు. నోసఖెలె మాత్రం మొహం పక్కకు తిప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నన్ను గుర్తుపట్టి రాలేదక్కా ఇది. ఎవరి దగ్గరికైనా ఇలాగే వస్తుంది."

తెంబెకా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"తెలుసు. రేపు రా. ఎల్లుండీ రా. పిల్లలకు కావలసింది ఎంతో ప్రేమించి వెళ్ళిపోయేవాళ్ళు కాదు. రోజూ వచ్చేవాళ్ళు."