చావింటి గంజి

జైల్లో జబ్బుచేసి పోయిన పైలిని పొద్దున్నే తెమ్మాడిగుంటలో, అంటే శ్మశానం వెనక పాపులకని విడిగా ఉంచిన మూలలో, పాతిపెట్టారు. చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే గంజి కాచి పంపాలి. ఆ హంతకుడి ఇంటికి మాత్రం ఒక్కరూ పంపలేదు.

మధ్యాహ్నం దాకా చూసి చూసి, అచ్చామ్మ పెసలు వేసి గంజి కాచింది. కుండ చంకనెత్తుకుని బయల్దేరుతుంటే కోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా మొగుణ్ణి పొడిచినవాడి ఇంటికా అత్తా?"

"వాడు తాగడులే. తప్పుకో."

ఆమెను చూడగానే పైలి తల్లి కుంజేలి గోడవైపు తిరిగిపోయింది.

"నీ చేతి గంజి తాగే మొహం నాకెక్కడిదక్కా? వాణ్ణి నాలుగు తిట్టి పో."

"తిట్టకుండా పోతానా? నా వర్కిని పొట్టన పెట్టుకున్నాడు. వాడు నరకానికి పోవాలని రోజూ మోకాళ్ల మీద ప్రార్థన చేశాను. పంపాడో లేదో ఆ ప్రభువుకే తెలియాలి."

అంటూనే అచ్చామ్మ పనసాకును చెంచాలా మడిచింది. గంజి ముంచి, ఊది చల్లార్చి, కుంజేలి పెదవుల దగ్గర పెట్టింది.

"నా తిట్లు వాడికే, ఈ గంజి నీకు. వాడి వంతు కూడా నువ్వు మింగకు. నోరు తెరు."