ఆత్మారాం దండ

ఆత్మారాం ఒక్కసారే ఎమ్మెల్యే అయ్యాడు. ఆ తర్వాత రెండు ఎన్నికల్లో డిపాజిట్ పోగొట్టుకుని, బోధన్ చెరుకు రైతుల వెంట తిరుగుతూనే ముసలివాడయ్యాడు. మెడలో దండ పడగానే తీసి, పక్కనున్న చెరుకు కొట్టేవాడి మెడలో వేసి, అతన్ని ముందుకు తోసేవాడు. అందుకే పేపర్ల వాళ్ల ఫొటోల్లో ఎక్కడా సరిగ్గా దొరకలేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి రైతులు వరికీ పసుపుకూ మళ్లాక, ఆయనతో ఎవరికీ పని లేకపోయింది. బతికుండగా గడప తొక్కని రైతు సంఘం వాళ్లకు, పోయాక మాత్రం భక్తి పొంగుకొచ్చింది. నెల మాసికం కాగానే బోధన్‌లో సంతాపసభ పెట్టారు.

ఆయన భార్య గంగుబాయికి చూపు మసకబారి చాలా కాలమైంది. మనిషి ఆకారమే తప్ప ముఖం తెలియదు. అయినా నిజామాబాద్ నుంచి బయలుదేరింది.

"నలుగురు మీ బాపును యాది జేసుకుంటుంటే ఒక్కసారి ఇనాలె బిడ్డా," అని కూతురు స్నేహలతను దారి పొడవునా తొందరపెట్టింది. ఆమెకు ఇంకే కోరికా మిగల్లేదు.

స్టేజీ మీది ఫ్లెక్సీ చూసి స్నేహలత అక్కడే ఆగిపోయింది. పేరు బాపుదే. ముఖం ఆయనది కాదు. నిండు బుగ్గలతో, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న పెద్దమనిషి ఎవరో.

సభ పెట్టిన నరేందర్‌ను పక్కకు పిలిచి అడిగితే నాలుక కరుచుకున్నాడు.

"ఫోన్‌ల పేరు కొడితే గీయనే వచ్చిండక్కా. ఇంట్ల అడుగుదామనుకొని మర్సిపోయినం. జనం వచ్చి కూసున్నరు, ఇప్పుడేం జేద్దాం? అవ్వకు చెప్పకక్కా."

స్నేహలతకు ఒళ్లు మండిపోయింది. కానీ ముందు వరుసలో తల్లి చెవులు రిక్కించి కూర్చుని ఉంది. ఆ ముఖం చూసి నోరు కట్టేసుకుంది.

మాట్లాడిన వాళ్లలో ఒకాయన ఆత్మారాం ఊరి పేరే తప్పు చెప్పాడు. ఆ తర్వాత దండ వేయడానికి గంగుబాయిని పిలిచారు. స్నేహలత చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించింది.

"ఫొటోల మంచిగ వచ్చిండా మీ బాపు?"

"వచ్చిండవ్వా."

"నవ్వుతుండా?"

"నవ్వుతుండు," అనేసింది స్నేహలత.

గంగుబాయి చేతులు ఆగిపోయాయి. "లాఠీ దెబ్బకు ముందటి పండ్లు ఊడినకెల్లి ఆయన ఫొటోల నోరు తెరవలే. గీయన ఎవలు బిడ్డా?"

"తెల్వదవ్వా." స్నేహలతకు ఏడుపు ఆగలేదు. నరేందర్ తల దించుకున్నాడు. కూతురు దండ వెనక్కి తీసుకోబోతే గంగుబాయి వదల్లేదు.

"ఉండనీయ్. మీ బాపు దండ ఎన్నడన్న ఆయన మెడల నిలిచిందా? ఇది గూడ గట్లనే పోనీ."

తడుముకుంటూ ఆ తెలియని మనిషికి దండ వేసింది. జనం లేచి దండం పెట్టారు. అంతసేపూ నిబ్బరంగా ఉన్న గంగుబాయి, మెట్లు దిగుతూ కూతురి భుజం మీద వాలిపోయింది.

"ఒక్క దండన్న ఉంచుకోమని ఎంత మొత్తుకున్న బిడ్డా, ఇనలేదు," అని ఎక్కెక్కి ఏడ్చింది.