గోడ దాటిన ఆకలి

పొద్దున్నే జోగేశ్వరరావు కిరాణా కొట్టు చెక్కలు తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లి, తక్కెడకి దణ్ణం పెట్టుకుని, అప్పుడు గాని పెరటి వసారాలోకి వచ్చేవాడు కాదు. అక్కడ మంచం మీద భార్య సత్యలక్ష్మి ఉండేది. "ఇవాళేమైనా తినాలనుందా?" అని అడిగేవాడు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. ఆయన కాసేపు నిలబడి, కొట్లోకి వెళ్ళి చింతపండు తూచుకునేవాడు.

మాఘంలో వచ్చిన టైఫాయిడు రెండుసార్లు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టి, మామిడికాయలొచ్చే వేళకి తనకే విసుగుపుట్టి వెళ్ళిపోయింది. జ్వరం పోయింది గాని ఆకలి రాలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే తడి సున్నం నమిలినట్టుండేది. డాక్టరుగారు జోగేశ్వరరావుని పక్కకి పిలిచి, "ఇలాగే తినకపోతే నేనేం చెప్పలేనండీ" అన్నారు. పక్కకి పిలిచారన్న మాటే గాని సత్యలక్ష్మికి వినపడింది. ఆవిడకి చిన్నమ్మాయని ఆరేళ్ళ కూతురుంది. దాన్ని వదిలేసి పోవడం ఆవిడకి ససేమిరా ఇష్టం లేదు.

అత్తగారు వెంకటరత్నమ్మ గంజి కాచి పక్కన పెట్టుకు కూర్చునేది. తినమని బలవంతం చేసేది కాదు. కొడుకు పాలు తాగే వయసులో ఆవిడ భర్త పోయాడు. అప్పట్నించీ ఒంటిపూట భోజనం, ఏకాదశికి అదీ లేదు. ఆవిడ మారు వడ్డించుకోగా ఆ ఇంట్లో ఎవరూ చూళ్ళేదు. పక్కింట్లో చేపలు వండిన రోజున మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏం కంపో, ప్రాణం పోతోంది" అంటూ పెరటి గోడ దగ్గర నిలబడేది. పులుసు దించేదాకా అక్కణ్ణించి కదిలేది కాదు. తిట్టడానికైనా ఎంత ఓపికో అనుకునేది సత్యలక్ష్మి, మంచం మీంచి చూస్తూ.

ఆ పక్కిల్లు బుల్లియ్యది. నర్సాపురం రేవులో లాంచి నడిపే సరంగుగా చేసి మానుకున్న మనిషి. దసరా వెళ్ళాక పెళ్ళాం పోతే, ఆ రోజు నుంచీ కంచం ముందు కూర్చోవడం, లేచిపోవడం. కూతురు బేబి మొగల్తూరులో మొగుణ్ణి వదిలిపెట్టి వచ్చి, తండ్రికి ఇష్టమైన చేపలన్నీ వండి చూసింది. లాభం లేకపోయింది.

ఒకరోజు బేబి గోడ మీంచి తల పెట్టింది.

"అక్కయ్యగారూ, మీ ఆకలి మా ఇంట్లో ఉందండీ," అంది, తప్పిపోయిన కోడి సంగతి చెప్పినట్టు.

"ఎప్పట్నించి?" అన్నాడు జోగేశ్వరరావు.

"మాఘం నుంచేనండీ. మేమేం కట్టేసుకోలేదండీ, దానంతటదే వచ్చింది. నాన్న చేపముక్క పక్కకి నెట్టేసి కందా బచ్చలికూర వండమంటున్నాడు. ఆవ పెట్టాలంట. మా ఇంటావంటా లేదు."

ఆవ పెట్టిన కందా బచ్చలంటే సత్యలక్ష్మి ప్రాణం పెడుతుందని వీధంతా ఎరుగుదురు. ఇంక అనుమానమేముంది? జోగేశ్వరరావు కొట్లోకెళ్ళి పుష్టిరాజ టానిక్ సీసా పట్టుకొచ్చాడు. దాని మీద దూడని ఎత్తుకున్న వస్తాదు బొమ్మ ఉంటుంది. ఆ టానిక్కు కొత్తగా ఆకలి పుట్టించదు. మనిషిని వదిలి పోయిన ఆకలిని పిలుస్తుంది, అంతే. రాజమండ్రి నుంచి వచ్చే ఏజెంటు మొహమాటం లేకుండా ఆ ముక్క ముందే చెప్పి అమ్మేవాడు.

భోజనానికి ముందు రెండు చెంచాలు. సీసా మెడ దిగేసరికి సత్యలక్ష్మికి పోపులో కరివేపాకు వాసన తెలిసింది. సగమయ్యేసరికి చారన్నం తిని అప్పడం అడిగింది. అమ్మ అప్పడం అడిగిందని చిన్నమ్మాయి కొట్లోకి పరిగెత్తి, బేరానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది.

ఆ పూటే గోడవతల బుల్లియ్య సగం అన్నంలో లేచిపోయాడు. మర్నాడు అసలు కూర్చోలేదు. బేబి గోడ దగ్గరికి రావడం మానేసింది.

సత్యలక్ష్మికి కష్టంగా ఉంది. తన ఆకలి తను పిలుచుకుంటే తప్పేంటని సర్దిచెప్పుకుంది. అయినా చెంచా నోటిదాకా వచ్చేసరికి చెయ్యి ఆగేది. ఒకపూట మానేసి చూసింది. అప్పడం మళ్ళీ సున్నంలా ఉంది, గోడవతల బుల్లియ్య "బేబీ, కంద ఉందా?" అంటున్నాడు. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. అంత మంచితనం తనకి లేదని తెలిసిపోయి, రెండోపూట మళ్ళీ తాగింది.

నాలుగు అడుగులు వెయ్యగలిగాక, సీసా పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. అవతల నులకమంచం మీద బుల్లియ్య ఉన్నాడు. చొక్కా లేని ఒంటిమీద డొక్కలు కనపడుతున్నాయి. బేబి విసనకర్రతో విసురుతోంది.

"బాబాయిగారూ, మీరూ తాగండి. మీది మీకొస్తుంది."

"నాదింకెక్కడుందమ్మా. మా ఆడది పోతూ పోతూ దాన్నీ పట్టుకుపోయింది. మునిగిన లాంచిని రేవులో నిలబడి పిలిస్తే వస్తుందా? నువ్వు తాగు. పిల్లతల్లివి, మొహమాటపడకు."

సత్యలక్ష్మికి ఏడుపొచ్చింది. తాగుతాననలేదు, మానేస్తాననీ అనలేదు.

వెనకాల గంజి గ్లాసుతో అత్తగారు నిలబడి ఉంది. గ్లాసు తులసికోట మీద పెట్టి, గోడ దగ్గరికి వచ్చింది.

"బుల్లియ్య గారి ఆకలి ఎక్కడికీ పోలేదు. నా దగ్గరుంది," అంది.

వెంకటరత్నమ్మ ఎవరి మొహమూ చూడకుండా, గోడ పెచ్చు గోటితో గీకుతూ చెప్పింది.

"దసరా వెళ్ళినప్పట్నించీ. బొమ్మిడాయిల పులుసు వాసనొస్తే నోట్లో నీళ్ళూరతాయి. సహస్రనామం చదువుతుంటే కొరమీను ముక్క గుర్తొస్తుంది. జన్మలో ముట్టని దాన్ని, ముల్లు ఎటునుంచి తియ్యాలో తెలుసు నాకు. ఏ జన్మ పాపమో అనుకున్నాను."

బుల్లియ్య మెల్లిగా లేచి కూర్చున్నాడు. "పులుసులో ఏం పడాలండీ?" అన్నాడు, దొరికిన గేదెకి ఆనవాళ్ళు అడిగినట్టు.

"పచ్చిమామిడికాయ. టెంకతో సహా."

"నాదేనండీ," అన్నాడు. "మా ఆడది అలాగే వండేది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి అత్తయ్యగారూ?" అంది సత్యలక్ష్మి.

"ఎలా చెప్పనే? ఒంటిపూట తినే కోమటిదానికి చేపల మీద మనసైందని వీధిలో చాటించనా?" గొంతు తగ్గించింది. "అదొక్కటే కాదులే. ఆకలంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఎవరిదైతేనేం, అదొచ్చాక పొద్దున్నే లేవాలనిపించేది."

కోడలి చేతిలోంచి సీసా తీసుకుని, తనే గోడ మీంచి అందించింది. "రెండు చెంచాలు. భోజనానికి ముందు."

ఆ వారంలోనే బుల్లియ్య బొమ్మిడాయిల పులుసుతో కడుపునిండా తిని, ఉప్పు తక్కువైందని కూతుర్ని కసిరాడు. బేబి ఆ కసురుకి కళ్ళు తుడుచుకుని, ఆవకాయ కలిపి జాడీకెత్తి, మొగుడి దగ్గరికి మొగల్తూరు వెళ్ళిపోయింది. సత్యలక్ష్మికి కందా బచ్చలి సహించింది. మధ్యాహ్నం పూట కొట్లో కూర్చుని పొట్లాలు కడుతోంది.

వెంకటరత్నమ్మ మాత్రం చేపలు వండిన రోజున అలవాటు కొద్దీ గోడ దాకా వెళ్ళి, వెంటనే తిరిగొచ్చింది. "నిజంగానే కంపు," అని పీట మీద కూర్చుని, పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచిపోయింది. సత్యలక్ష్మి అది చూసింది. కొట్లోంచి కొత్త సీసా తెచ్చి మూత తీసింది.

"నాకెందుకే? నాది ఆయన పోయిన నాడే పోయింది."

"బుల్లియ్య బాబాయిగారూ అలాగే అన్నారు," అంటూ చెంచా నోటి దగ్గర పెట్టింది. తను మంచంలో ఉన్నన్నాళ్ళూ అత్తగారు పక్కన కూర్చున్నట్టే, రోజూ ఆ వేళకి వచ్చి కూర్చునేది.

సీసా అయిపోయింది. ఏమీ రాలేదు. "ఎప్పుడో పోయింది కదా, ఎంత దూరంలో ఉందో, రావద్దూ?" అని జోగేశ్వరరావు రెండోది తీశాడు.

ముంజల రోజులు అయిపోవస్తుండగా, ఓ పొద్దున్న ముంజకాయల కావిడి వీధిలోకి వచ్చింది. వెంకటరత్నమ్మ వత్తులు చేసుకుంటున్నదల్లా లేచి, అరుగు మీదికొచ్చి కావిడి ఆపింది. ముంజలు తీసి ఆకులో పెట్టబోతే వద్దంది. కాయ పైన చెక్కించుకుని, పుట్టిల్లు మొగల్తూరులో పరికిణీలు కట్టిననాటిలా, నలుగురూ చూస్తుండగా బొటనవేలు గుచ్చి తినడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆకలి ఎవరింట్లో ఉందో, ఆ పొద్దున ముంజలు వద్దని ఎవరు లేచిపోయారో తెలీలేదు. సత్యలక్ష్మి పొట్లం కట్టడం ఆపి చూస్తోంది. అత్తగారి మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి.

ఆవిడ ఖాళీ కాయ పక్కన పెట్టి చెయ్యి చాచింది.

"ఇంకోటి చెక్కు నాయనా," అంది.