ఎడమకంటి లెన్సు

ఇంకొక్కసారి, ఒక్క ముక్కైనా తిన్నగా తెగితే చాలు, అనుకుంటూనే కంటి డాక్టరు గణపతిరావు పొరలు పొరలుగా కోసే మైక్రోటోము పిడి తిప్పాడు, కత్తి కింద మైనం పలచని రిబ్బనులా జారింది గాని నడుమ ఉండవలసిన లెన్సు పటికబెల్లం చితికినట్టు రవ్వలై రాలింది, మళ్లీ తిప్పాడు, మళ్లీ అంతే, ఇక మైనం దిమ్మలో మిగిలింది చిల్లే, రోలుగుంట దేముడమ్మ ఎడమకంట్లోంచి పొర చిరగకుండా తన చేత్తో తీసిన లెన్సు, బెల్లం పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోస్తూ బతుకంతా మంటలోకి చూసిన కన్ను, ఆ సెగకే శుక్లం కమ్మిందా, వయసుకు కమ్మిందా, సెగకైతే లెన్సు పైపొర చుట్ట చుట్టుకుని లేస్తుంది, అలా లేచిందో లేదో చూస్తే తేలిపోయేది, సెల్లోయిడిన్ జిగురులో వారాల తరబడి నానబెడితే తేలేది, కానీ విశాఖపట్నంలో డాక్టర్ల సభ ఈ ఆదివారమే, తను చదివే పేపరుకు స్లైడు కావాలి, అందుకని స్పిరిట్లో గబగబా నీరు లాగించి వేడి మైనంలో ముంచేశాడు, లెన్సు అందులో రాయైపోతుందని తనకు తెలియదా, తెలుసు, తెలిసే ముంచాడు.

ఏటండీ డాక్టరుగారూ, కన్ను కోస్తన్నారా ఉల్లిపాయ కోస్తన్నారా, కళ్లు అలా ఎర్రబడ్డాయి, అంటూ కాంపౌండరు దాసు టీ గ్లాసు పెట్టాడు, గణపతిరావుకు నవ్వు రాలేదు, సభలో ఏం చూపించాలి, చప్పట్లు పోతే పోనీ, ఆ లెన్సు మళ్లీ రాదే, అద్దాలు పెట్టిన రోజున దేముడమ్మ తన ముఖంలోకి వంగి చూసి, ఓలమ్మ, మీకు మీసాలున్నాయేటి బాబూ, అని ఎంత నవ్విందని, ఆ నవ్వులోనే అడిగింది, మరింక పొయ్యికాడికి ఎల్లొచ్చా, మానీమంటారా, మా పెదబాబు ఒక్కడూ ఎగదొయ్యలేకపోతన్నాడు, మీరేటి సెప్తే అదే, అంది, కుడికంట్లో ఇంకా పలచని మసకే, చూపుంది, పరీక్ష తేలనియ్యమ్మా, అందాకా నీ పని నువ్వు చేసుకో, నేను కబురంపిస్తాను, అన్నాడు తను, ఆధారం లేనిదే మనిషి పని మాన్పించకూడదని అప్పుడది ఎంతో పెద్దమనిషి మాటలా తోచింది.

డాక్టరుగారూ, టీ సల్లారిపోతంది, అంటున్నాడు దాసు, గణపతిరావుకు వినపడలేదు, మంటకు దూరంగా కూర్చో అనడానికి స్లైడు దేనికి, ఒక్క మాట చాలేది, ముక్కలైంది చూపు పోయిన లెన్సే, చూపున్న కుడికన్ను అక్కడ పొయ్యికాడుంది, తను కబురంపిస్తాడని నమ్మి, ఈ క్షణాన కూడా మంటలోకి చూస్తూ.