ఎర్రమట్టి బకెట్టు

మ్యాచ్ అయ్యాక క్లబ్బు లాండ్రీ గదిలో పని ఎప్పుడూ ఒకే వరసలో సాగేది. ముందు చొక్కాలు, తర్వాత మేజోళ్లు, చివరికి బూట్లు. లాండ్రీ పెద్దమ్మ పీట మీద కూర్చుని ఒక్కో జత బూట్లనీ ఒకదానికొకటి కొట్టి మట్టి దులిపేది. పది జతల నుంచి నల్లమట్టి రాలేది. ఆ మైదానం మట్టి అదే మరి. పదకొండో జత కుడివైపు ఆడే పరదేశి కుర్రాడిది. దాన్నుంచి మాత్రం ఎర్రమట్టి రాలేది.

మొదటిసారి ఆవిడ అతన్ని నిలదీసింది. "ఆట మధ్యలో ఎక్కడికెళ్లొచ్చావు బాబూ?"

"ఎక్కడికీ వెళ్లలేదు పెద్దమ్మా. అది మా ఊళ్లో నేను ఆట నేర్చుకున్న గ్రౌండు మట్టి."

"ఏదైతేనేం, నా తూము పూడుకుపోతోంది," అని ఆవిడ దానికి వేరే బకెట్టు పెట్టింది. పనుల జాబితాలో 'ఎర్రమట్టి ఎత్తిపోయడం' అని ఒక పని పెరిగింది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

బాగా ఆడిన రోజు సగం బకెట్టు వచ్చేది. బెంచీ మీద కూర్చున్న రోజు చిటికెడు కూడా రాలేది కాదు. పేపర్లవాళ్లు ఏం రాసినా, పెద్దమ్మ మాత్రం బకెట్టులోకి తొంగిచూసి, "ఇవాళ బాగానే ఆడావు" అనేది. ఊరు కాని ఊళ్లో ఆ ఒక్క మాటే అతనికి కొండంత అండ.

వచ్చే మట్టి ఊరికే రాదు కదా. అక్కడ ఊళ్లో గుంట పడేది. ఆ సంగతి ప్రతి ఆదివారం అతని అక్క ఫోన్లో చెప్పేది. ఆవిడ బడిలో ఆటల టీచరు, తమ్ముడికి బంతి తన్నడం నేర్పింది ఆవిడే. తమ్ముడి కంటే బాగా ఆడేదన్నది ఊరంతా ఒప్పుకునే మాట. ఆవిడ కాలంలో ఆడవాళ్లకి జట్టు లేదు, అంతే.

"ఒరేయ్, కుడి గోలు ముందు గుంట ఇంకో జానెడు దిగింది. కాస్త మెల్లిగా ఆడరాదూ?"

"మెల్లిగా ఆడితే బెంచీ ఎక్కిస్తారే."

"అయితే తవ్వుకో. మా పిల్లలు గుంటలోనే పాసులు నేర్చుకుంటార్లే."

రెండు లారీల మట్టి పోయించినా ఆ గుంట నిలబెట్టుకోలేదు, తెల్లారేసరికి మింగేసింది.

ఏడేళ్లు గడిచాయి. అతనికి ముప్ఫై మూడు వచ్చాయి, మోకాలు మొరాయించింది. "ఇందులో ఇంకొక్క ఆటకు సరిపడా సరుకుంది. తర్వాత నీ ఇష్టం," అన్నాడు డాక్టరు. కోచ్ మంచివాడు. "శనివారం నిలబడి ఆడు, ఇంకో ఏడాదికి నేను మాట్లాడతా" అన్నాడు. ఆ ఏడాది అతనికి కావాలి. ఆట తప్ప ఇంకో పని ఎరగడు.

సోమవారం అక్క ఫోన్ చేసింది. ఆదివారం కాని రోజు ఆవిడ ఎప్పుడూ చేయదు.

"ఈ ఆదివారం ఆడపిల్లల్ని పెద్ద జట్టుకి ఎంచడానికి మన గ్రౌండుకే వస్తున్నార్రా. గ్రౌండు తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు గుంట చూసి కుదరదన్నాడు. శనివారానికి పూడకపోతే వేరే ఊళ్లో పెడతారట. మా చీమని వాళ్ల నాన్న ఎంపికైతే తప్ప ఊరు దాటనివ్వడు."

చీమ అంటే అక్క జట్టులో అందరికంటే పొట్టి పిల్ల. కాళ్లలో మాత్రం మెరుపుంది.

"నేనేం చేయనక్కా?"

"చేయమని కాదు. చెప్పుకుందామని చేశాను."

ఆవిడ గొంతు అలా ఉండటం అతను అంతకుముందు ఒక్కసారే విన్నాడు. ఆడవాళ్లకి జట్టు లేదని ఆవిడని మైదానం గేటు దగ్గర్నుంచి తిప్పి పంపిన రోజున.

అతను కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి లాండ్రీ గదికి చేరాడు. పెద్దమ్మ అంతా విని, పెరటి తలుపు తీసింది. బట్టలారేసే తీగల కింద, గోడ నుంచి గోడ దాకా, మోకాలెత్తున ఎర్రమట్టి.

"పారేయమన్నారు. ఒకరి నేలని చెత్తలో ఎలా పోస్తాం బాబూ?"

అతనికి ఏడుపొచ్చింది. ఏడేళ్లు ఈవిడ తన నేలని కాపాడింది, తనకి తెలియనే తెలియదు.

"దీన్ని విమానం ఎక్కించనివ్వరు పెద్దమ్మా."

"కాళ్లతో వచ్చింది, కాళ్లతోనే పోతుంది. ఆడు."

"డాక్టరు ఒక్క ఆటేనన్నాడు."

"అది ఎక్కడాడతావో నువ్వే చూసుకో."

అతను మెట్టు మీద కూర్చుని కాసేపు శనివారం గురించి ఆలోచించాడు. తర్వాత బూట్లు తొడుక్కున్నాడు.

నాలుగు రోజులు ఆ పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య ఆడాడు. బట్టల బుట్టలు రెండు గోలు స్తంభాలు, పెద్దమ్మ గోల్‌కీపరు. ఆవిడ ఒక్క బంతీ ఆపలేదు, ఒక్క గోలూ ఒప్పుకోలేదు. మట్టి పూట పూటకీ దిగుతూ వచ్చింది. శుక్రవారానికి అడుగున సిమెంటు తేలింది. అతని మోకాలు గుమ్మడికాయంత అయింది. శనివారం జాబితాలో అతని పేరు లేదు. కోచ్ మోకాలు చూసి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

బాధేస్తుందనుకున్నాడు. వేయలేదు. అప్పుడే అక్క ఫోన్ వచ్చింది.

"గుంట లేదురా. పైన నీ బూటు గుర్తులున్నాయి. మోకాలెలా ఉంది?"

"ఉంది."

"ఇంటికొచ్చేయ్. పిల్లలకి కుడివైపు ఆట నేర్పేవాళ్లు లేరు."

రెండేళ్ల తర్వాత అదే క్లబ్బు లాండ్రీలో, ఆడపిల్లల జట్టు మ్యాచ్ అయ్యాక, పెద్దమ్మ పదకొండో జత అందుకుంది. జట్టులో అందరికంటే పొట్టి పిల్లవి, చిన్నపిల్లల బూట్లంత ఉన్నాయి. ఒకదానికొకటి కొట్టి చూసి, బల్ల కింద నుంచి పాత బకెట్టు లాగింది. తర్వాత అతని ఊరికి ఫోన్ చేసింది.

"బాబూ, మీ గ్రౌండు ఓసారి చూసుకో. నిండా వచ్చింది."

అతను కుంటుకుంటూ వెళ్లి చూశాడు. ఈసారి ఎడమ గోలు ముందు. అక్క వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. గుంటలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా దిగింది.

"నీకెప్పుడూ ఒక్క ఆటకి ఇంత పడలేదురా," అంది, చెయ్యి తీయకుండానే.