గోడవైపు కుర్చీ

ఆ వీధిలో అందరూ ఆయన్ని గోడ మాస్టారు అంటారు. ఫిడేలు కొనడానికి ఎవరొచ్చినా ముందు గోడకేసి కుర్చీ వేసి కూర్చోబెడతాడు. తను వెనక నిలబడి నాలుగు ఫిడేళ్ళు వరసగా వాయిస్తాడు. చెవికి నచ్చినదాని నంబరు చెప్పేదాకా వెనక్కి తిరగనివ్వడు. రంగు చూసి, మెరుపు చూసి ఎంచుకోవడమంటే ఆయనకి ఒళ్ళుమంట.

ముప్పై ఏళ్ళు ఈ పద్ధతి బాగానే నడిచింది. ఈమధ్య జనం బుద్ధిగా గోడకేసి కూర్చుని, విని, నంబరు చెప్పి, ఆ ఫిడేలు కంపెనీ పేరు ఫోటో తీసుకుని, ఇంట్లో అడిగి వస్తామని వెళ్ళిపోతున్నారు. ఇంట్లో అడగడమంటే ఫోన్లో ఆర్డరు పెట్టడమని అర్థం కావడానికి పాపం ఆయనకి ఏడాది పట్టింది.

ఆ ఉదయం వచ్చిన నర్సు కూడా అలా వెళ్ళిన మనిషే. పదిహేను రోజుల కిందట గంటసేపు గోడని చూస్తూ కూర్చుని మూడో నంబరు అంది. ఇప్పుడు చంకలో అట్టపెట్టె. సిగ్గుపడుతూనే ఉన్న సంగతి చెప్పింది. అదే కంపెనీ, అదే రకం, అయినా పలకడం లేదు, ఊపితే లోపల ఏదో దొర్లుతోంది.

దొర్లేది కర్రముక్క. ఫిడేలు పొట్టలో పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య నిలబడాల్సింది, దార్లో పడిపోయింది. తీగల్ని మోసే బ్రిడ్జి కాగితంలో చుట్టి పక్కన పడుంది. మాస్టారికి కోపం రావాల్సిందే. కానీ కోపానికీ ఓపిక కావాలి కదా. సాయంత్రం రమ్మని పంపేశాడు.

దుకాణంలో ఆయనతోపాటు ఉండేది అక్క. ఏడేళ్ళు పెద్ద. తీగలు చుట్టడం, వాటిని బిగించే బిరడాలు అరగదీయడం ఆవిడ పని. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక మూసేద్దాంరా అని రెండేళ్ళుగా అంటోంది. మరో ఏడాదికి అద్దె కాగితం సొరుగులో ఉంది. దుకాణం యజమానికి ఆ రోజే జవాబు చెప్పాలి. అక్క ఆ మాట ఎత్తినప్పుడల్లా మాస్టారిది ఒకటే పంతం: పెట్టెలో వచ్చే ఫిడేలు మన ఫిడేలు ముందు నిలబడదు, నిలబడిన రోజు నేనే తలుపులు వేస్తాను. ఆ పంతం ముందు ఆవిడ నోరు మూసుకునేది.

వంగిన ఊచతో కర్రముక్కని లోపల నిలబెట్టడం, అది మళ్ళీ పడడం, మళ్ళీ నిలబెట్టడం. తల ప్రాణం తోకకొచ్చింది. బ్రిడ్జి మరీ ఎత్తుగా ఉంటే చాకుతో చెక్కి, కాళ్ళు చెక్కమీద అతికినట్టు ఆనేదాకా అరగదీశాడు. రెండు గంటలయ్యాక తీగలెక్కించి కమాను ఆనించాడు. ఒక్కసారి వాయించి కింద పెట్టేశాడు. అది బాగుంది.

ఎంత బాగుందో తేల్చుకోకుండా ఉండలేకపోయాడు. నర్సు ఆ రోజు ఎంచుకున్న మూడో నంబరుని తీసి, రెండూ అక్క చేతికిచ్చి, వాయించమన్నాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ జనానికి చూపించిన గోడ ఇంత మాసిపోయిందని ఆయన అప్పుడే చూశాడు.

అక్క ఒకటి వాయించింది. రెండోది వాయించింది. మళ్ళీ వాయించమన్నాడు. మళ్ళీ అదే వరసలో వాయించింది. మంద్రంలో నిండుగా, గదంతా పరుచుకున్నట్టు పలికింది రెండోదే. అది తమదేనని ఆయనకి ఇసుమంతైనా అనుమానం లేదు.

"రెండోది," అన్నాడు.

"మనదే," అంది అక్క.

తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. తమ ఫిడేలు బల్లమీద ఉంది. నర్సుది ఇంకా అక్క భుజంమీదే ఉంది. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషికి, ఆడేముందు దాన్ని దించాలని తోచలేదు.

"అక్కా, నీ భుజంమీద ఉన్నదేంటి?"

ఆవిడ చూసుకుంది. మెల్లిగా దించింది. "నువ్వు రెండు గంటలు కూర్చుని చెక్కితే పలికిందిరా. వచ్చింది వచ్చినట్టు పలికేదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆయన బుర్రలో తిరుగుతున్నది అది కాదు. విశ్రాంతి కావాలని రెండేళ్ళుగా అడుగుతున్న మనిషి, అది చేతిదాకా వస్తే, తమ్ముడి మొహం చిన్నబోకూడదని అబద్ధమాడి నెట్టేసుకుంది. ఓడిపోయినందుకంటే దానికే ఆయనకి ఎక్కువ బాధ కలిగింది. యజమానికి ఫోన్ చేసి, వచ్చే ఏడాదికి వద్దన్నాడు. అవతలాయన ఎందుకని కూడా అడగలేదు. అక్క మోకాళ్ళు రాసుకుంటూ కూర్చుంది.

సాయంత్రం నర్సు వచ్చింది. నిలబడే ఓ నాలుగు స్వరాలు వాయించి, మొహమంతా వెలిగిపోగా, అమ్మినవాళ్ళని అనవసరంగా తిట్టుకున్నానంది. సరుకు మంచిదే, ఇంటికెళ్ళగానే ఐదు నక్షత్రాలు పెడతానంది. మాస్టారు పెట్టమన్నట్టే తలూపాడు.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "తీగ తెగినా, వదులైనా ఇక మీ దగ్గరికే తెస్తానండీ. ఫోన్లో ఈ పని ఎవరు చేస్తారు?"

అక్క తమ్ముడి వైపు చూసింది.

"అలాగే తీసుకురామ్మా," అన్నాడు మాస్టారు. కుదరదని చెప్పాలంటే అంతా మొదట్నుంచీ చెప్పాలి.